ఆల్ వీల్ డ్రైవ్ పికప్‌లో స్టెప్నీ సైజు కలవకపోతే ఏం చేయాలి

పికప్ కొన్న రోజు నుంచి ట్రే కింద వేలాడుతున్న స్టెప్నీని ఒక్కసారి కూడా దించి చూడనివాళ్లే ఎక్కువ. నేనూ అంతే. నాది సెకండ్ హ్యాండ్ బండి, పాత ఓనరు పెద్ద టైర్లు వేయించాడు, చూడ్డానికి దిట్టంగా ఉంది, నాలుగూ కొత్తగానే ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నా. ఒక రాత్రి వెనక టైరు పక్కగోడ చీరుకుపోయి స్టెప్నీ దించితే అది కంపెనీ ఇచ్చిన పాత సైజు, పెద్ద టైరు పక్కన నిలబెడితే అన్న పక్కన తమ్ముడిలా ఉంది. నట్లు సరిపోయాయి కదా అని బిగించేసి, ఎన్ని చక్రాలకి శక్తి వెళ్లాలో మార్చే డయల్ ఆటో మోడ్‌లో ఉందన్న సంగతే మర్చిపోయి 60 కిలోమీటర్లు నడిపా. ఇంటికొచ్చేసరికి బండి కింద నుంచి ఏదో మాడిన వాసన. మర్నాడు ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) ఆయిల్ తీయిస్తే నల్లగా వచ్చింది. అప్పటికి నా అదృష్టం బాగుంది, ఆయిల్‌తోనే పోయింది.

అందుకే ఇది రాస్తున్నా. ఇందులో సగం పని ఇంటి దగ్గర పగటిపూట, టెన్షన్ లేనప్పుడు చేసుకోవాల్సినది, మిగతా సగం రోడ్డు మీద చేసేది. మొదటి సగం చేసుకుంటే రెండోది పెద్ద కష్టం కాదు.

ముందు అసలు గొడవేంటో చూద్దాం

చిన్న టైరు అదే దూరానికి ఎక్కువసార్లు తిరగాలి. ఉదాహరణకి బండికి 285/70ఆర్17 టైర్లు ఉన్నాయి, స్టెప్నీ 265/65ఆర్17 అనుకోండి, చాలా పికప్‌లలో కనిపించే జోడీయే ఇది. పెద్దదాని వ్యాసం సుమారు 831 మిల్లీమీటర్లు, చిన్నదాని వ్యాసం సుమారు 776. కిలోమీటరుకి పెద్దది 383 చుట్లు తిరిగితే చిన్నది 410 తిరుగుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకీ 27 చుట్లు అదనం. ఆ అదనాన్ని ఎక్కడో ఒకచోట ఏదో ఒక పార్టు మింగాలి.

ఒక యాక్సిల్‌లో రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, అంటే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌కి ఇది కొత్త కాదు, మలుపు తిరిగినప్పుడల్లా అది చేసే పనే ఇది. కాకపోతే మలుపు కాసేపట్లో అయిపోతుంది, ఇక్కడ తిన్నగా వెళ్తున్నా సరే లోపలి చిన్న గేర్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. పైగా ఒక యాక్సిల్‌లో ఒక చక్రం వేగంగా తిరిగితే ఆ యాక్సిల్‌ని తిప్పే షాఫ్టు వేగం రెండు చక్రాల సగటుకి పెరుగుతుంది, అంటే ముందు షాఫ్టుకీ వెనక షాఫ్టుకీ కూడా తేడా వస్తుంది. ఆ రెండు షాఫ్టుల మధ్య మీ బండిలో ఏముంది అన్నదాని మీదే మిగతా కథంతా ఆధారపడి ఉంది.

మొదటి పని: మీ బండి ఏ రకమో తేల్చుకోండి

డయల్ మీద 2హెచ్ (రెండు చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, తక్కువ గేరులో) మాత్రమే ఉంటే అది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. 2హెచ్‌లో ముందు చక్రాలకి ఇంజిన్‌తో సంబంధం ఉండదు. 4హెచ్‌లో ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి తాళం వేసినట్టు కలిసిపోతాయి, మధ్యలో సర్దుకోడానికి చోటే లేదు. టైర్ల సైజు తేడా విషయంలో ఇవే అన్నిటికంటే సులువైన బండ్లు, ఎందుకంటే 2హెచ్‌లో పెట్టేస్తే సగం సమస్య పోతుంది.

డయల్ మీద 4ఏ అనో ఆటో అనో ఉంటే లోపల క్లచ్ ప్లేట్ల ప్యాక్ ఉంటుంది. వెనక చక్రాలు జారుతున్నాయని కంప్యూటర్‌కి అనిపిస్తే ఆ ప్లేట్లని నొక్కి ముందుకి శక్తి పంపుతుంది. ఇప్పుడు చిన్న టైరు వెనక ఉందనుకోండి, అది వేగంగా తిరుగుతుంది కాబట్టి కంప్యూటర్‌కి అది జారుతున్నట్టే కనిపించే అవకాశం ఉంది. నాకు జరిగింది అదే. రోడ్డు ఎండిపోయి శుభ్రంగా ఉన్నా ప్లేట్లు నొక్కుకుంటూ, రాసుకుంటూ, కాలుతూ వచ్చాయి.

మూడో రకం ఫుల్ టైమ్, అంటే నాలుగు చక్రాలకీ ఎప్పుడూ శక్తి వెళ్తూ, ముందు వెనక షాఫ్టుల తేడాని సర్దడానికి మధ్యలో సెంటర్ డిఫరెన్షియల్ ఉండేది. ఫోక్స్‌వ్యాగన్ అమరాక్ మొదటి తరం ఆటోమేటిక్‌లో టోర్సెన్ అనే గేర్ల రకం సెంటర్ డిఫరెన్షియల్ ఉండేది. మిత్సుబిషి ట్రైటన్‌లో సూపర్ సెలెక్ట్ అనే ఫోర్ వీల్ డ్రైవ్ ఏర్పాటు ఉన్న బండ్లలో సెంటర్ డిఫరెన్షియల్‌తో పాటు 2హెచ్ కూడా ఉంటుంది, అది పెద్ద వెసులుబాటు. ఇవి కొంత తేడాని తట్టుకుంటాయి, కానీ గంటల తరబడి కాదు.

నాలుగోది హోండా రిడ్జ్‌లైన్ లాంటివి. కారులాంటి బాడీ మీద కట్టిన పికప్, అంతా ఆటోమేటిక్, డ్రైవర్ చేతిలో టూ వీల్ డ్రైవ్ బటన్ అంటూ ఏమీ ఉండదు. ఇలాంటి వాటికి మాన్యువల్‌లో స్టెప్నీ గురించి రాసిన పేజీ తప్ప వేరే దారి లేదు, ముందే చదివి ఉంచుకోండి. పాత సుబారు ఆటోమేటిక్ కార్లలో కొన్నిటికి బానెట్ కింద ఒక ఖాళీ ఫ్యూజ్ స్లాట్ ఇచ్చేవాళ్లు, చిన్న స్టెప్నీ వేసినప్పుడు అందులో ఫ్యూజ్ పెడితే వెనక చక్రాలకి శక్తి ఆగిపోయేది. అంత తేలికైన ఏర్పాటు అన్ని బండ్లలో ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండో పని: స్టెప్నీ దించి, చదివి, కొలవండి

దించడం కూడా ఒక పరీక్షే. ట్రే కింద చైను గానీ కేబుల్ గానీ ఉన్న వించ్ బురదకీ తుప్పుకీ బిగుసుకుపోయి ఉంటుంది, అది తెలుసుకోడానికి అర్ధరాత్రి వాన సరైన సమయం కాదు. దించాక కేబుల్‌కి కాస్త గ్రీజు పూయండి.

టైరు పక్కగోడ మీద 265/65ఆర్17 అని ఉంటే, 265 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, 17 అనేది రిమ్ వ్యాసం అంగుళాల్లో. వ్యాసం కట్టడం ఇలా: 265ని 0.65తో గుణిస్తే 172.25, పైనా కిందా కలిపి 344.5, దానికి 17 అంగుళాలు అంటే 431.8 కలిపితే 776.3 మిల్లీమీటర్లు. ఇప్పుడు తమాషా చూడండి, 265/60ఆర్18కి ఇదే లెక్క వేస్తే 775.2 వస్తుంది. రిమ్ వేరు, నంబర్లు వేరు, ఎత్తు మాత్రం దాదాపు ఒకటే. అంటే నంబర్లు వేరుగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు, ఒకటిగా ఉన్నాయని నిశ్చింతగా ఉండకూడదు కూడా.

ఎందుకంటే ఒకే నంబరు ఉన్న రెండు కంపెనీల టైర్లు కూడా కచ్చితంగా ఒకే ఎత్తు ఉండవు. దానికి తోడు అరుగుదల. స్టెప్నీ కొత్తది, మిగతా నాలుగూ సగం అరిగినవి అయితే అది కూడా సైజు తేడానే, దీన్ని ఎక్కువమంది లెక్కలోకే తీసుకోరు. గాడి లోతు 1 మిల్లీమీటరు తగ్గితే చుట్టుకొలత 6 మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గుతుంది. సుబారు తన ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకి నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళం, అంటే 6.4 మిల్లీమీటర్లు మించి తేడా ఉండకూడదని చెబుతుంది. అంటే గాడి లోతులో ఒక్క మిల్లీమీటరు! పికప్‌లన్నిటికీ అంత పట్టింపు ఉండదు, అయినా ఈ సంగతి ఎంత సున్నితమో దాన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి కొలవండి. స్టెప్నీకీ మిగతా టైర్లకీ ఒకే గాలి పెట్టండి, ట్రే కింద ఉన్నదాంట్లో గాలి తగ్గిపోయి ఉండడం మామూలే. దర్జీ టేపు లాంటి మెత్తటి టేపుని స్టెప్నీ మధ్య గాడి వెంట చుట్టూ తిప్పి చదవండి. బండికున్న టైరుకి అలా చుట్టడం కుదరదు కాబట్టి సుద్దముక్కతో టైరు మీదా నేల మీదా ఒకేచోట గీత పెట్టి, బండిని తిన్నగా తోసి, గీత మళ్లీ నేలని తాకినచోట ఇంకో గీత పెట్టి మధ్య దూరం కొలవండి. కాకపోతే ఈ రెండు కొలతల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి, బండి బరువుకి టైరు నొక్కుకుంటుంది కాబట్టి నేల మీది కొలత ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. అసలైన పోలిక కావాలంటే ఎప్పుడో సర్వీసింగ్‌కి చక్రాలు విప్పినప్పుడు స్టెప్నీనీ వాటినీ వరసగా నిలబెట్టి ఒకే టేపుతో చుట్టండి. నేనైతే ఇదే చేస్తా, అయిదు నిమిషాల పని.

తేడాని పెద్ద చుట్టుకొలతతో భాగించి 100తో గుణిస్తే శాతం వస్తుంది. ఒక శాతం లోపు ఉంటే నేను పట్టించుకోను, ఊరికి చేరేదాకా మామూలుగా వెళ్లిపోతా, కానీ ఆటోలోనూ 4హెచ్‌లోనూ కాదు. ఒకటి నుంచి మూడు మధ్య ఉంటే దగ్గర్లోని టైర్ల షాపు వరకే. మూడు దాటితే నా దృష్టిలో అది స్టెప్నీ కాదు, బండిని రోడ్డు మధ్యలోంచి క్షేమమైన చోటికి తీసుకెళ్లే సాధనం. ఇది నా లెక్క, మీ మాన్యువల్‌లో ఇంతకంటే గట్టిగా రాసి ఉంటే దాన్నే నమ్మండి.

సైజు ముందు టీ అనే అక్షరం ఉంటే, టీ155/90డీ16 లాగా, అది తాత్కాలిక సన్న టైరు. వాటికి సాధారణంగా 60 పీఎస్ఐ గాలి కావాలి, గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు అని పక్కగోడ మీదో రిమ్ మీద స్టిక్కర్‌లోనో రాసి ఉంటుంది.

ఇంకో రెండు విషయాలు చూడండి. బరువు మోసే సూచిక, 112 అంటే ఒక్కో టైరు 1120 కిలోలు, 121 అంటే 1450. నాలుగు టైర్లు 121 ఉండి స్టెప్నీ 112 ఉంటే ట్రేలో నిండా లోడుతో వెనక వేయడం తెలివైన పని కాదు. తర్వాత తయారీ తేదీ. డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు కొత్తగా మెరుస్తున్నా పదేళ్ల రబ్బరు పదేళ్లదే.

మూడో పని: రిమ్ నిజంగా పడుతుందా చూడండి

బ్రేకులు పెద్దవి వేయించినా, పై మోడల్ బండి అయినా 16 అంగుళాల స్టెప్నీ రిమ్ క్యాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) తగిలే ప్రమాదం ఉంది. ముందు చక్రం దగ్గర ఇది ఎక్కువ. ఇంటి దగ్గరే ఒకసారి ముందూ వెనకా బిగించి, చేత్తో తిప్పి, ఎక్కడా గీసుకోవట్లేదని చూడండి.

నట్లు కూడా. అల్లాయ్ చక్రాలకి వేసిన నట్లు స్టెప్నీ ఇనుప రిమ్‌లో సరిగ్గా కూర్చోకపోవచ్చు. కొన్నిటి మొన కోసుగా ఉంటుంది, కొన్నిటికి వాషరు ఉండి అడుగు చదునుగా ఉంటుంది, రెండూ కలిపి బిగిస్తే బిగిసినట్టే అనిపించి దారిలో వదులవుతాయి. కావాల్సిన నట్లు ఒక సెట్టు సంచీలో వేసి స్టెప్నీ సామానుతోనే పెట్టండి. లాక్ నట్లు ఉంటే వాటి తాళం కూడా అక్కడే ఉండాలి.

ఇక రోడ్డు మీద: ఎక్కడ బిగించాలి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఏ టైరు పోతే ఆ చోటే స్టెప్నీ వేయాలని ఎక్కడా లేదు.

ముందు టైరు పోయి, బండికి 2హెచ్ ఉంటే చింత లేదు, ముందే వేసి 2హెచ్‌లో పెట్టండి. వెనక టైరు పోతేనే ఆలోచించాలి. వెనక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాల వేగం తేడాని ప్లేట్లతో అదుపు చేసే రకం) ఉంటే, చాలా పికప్‌లలో ఉంటుంది, రెండు వెనక చక్రాల మధ్య ఎప్పుడూ ఉండే తేడా దాని ప్లేట్లని తినేస్తుంది. అప్పుడు మంచి ముందు టైరుని వెనక్కి తెచ్చి, స్టెప్నీని ముందు వేయాలి.

దీనికి ఒక్క జాకీ చాలు, వరస తప్పకూడదు అంతే. ముందు చక్రాన్ని లేపండి, మంచి టైరు విప్పండి, ఆ చోట స్టెప్నీ బిగించి దించేయండి. ఇప్పుడు చేతిలో మంచి టైరు ఉంది, పంక్చరయిన వెనక చక్రాన్ని లేపి ఆ చోట అది వేయండి. తిరగేసి వెనక నుంచి మొదలుపెడితే నాలుగుసార్లు జాకీ ఎక్కించాలి, నేను ఒకసారి అలా చేసి నన్ను నేనే తిట్టుకున్నా.

జాకీ గురించి ఒక మాట. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తే, గేరు పార్క్‌లో ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు. పార్క్ ఆపేది షాఫ్టుని, డిఫరెన్షియల్ ఓపెన్ రకం అయితే గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరిగి నేల మీదున్న చక్రాన్ని ముందుకి వదిలేస్తుంది, బండి జాకీ మీద నుంచి జారుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే పార్క్ అసలు పనే చేయదు. కాబట్టి హ్యాండ్‌బ్రేకు లాగి, లేపే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టి, చదునైన నేల మీదే లేపండి. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే బండిలో నేల మీదున్న చక్రం లాగేస్తుంది.

నట్లని ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి, ఒకదాన్ని పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్లొద్దు. 50 నుంచి 100 కిలోమీటర్లు వెళ్లాక ఆపి మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టి చూడండి.

ఇక నడపడం

2హెచ్ ఉంటే 2హెచ్, చర్చ లేదు. 4ఏ, ఆటో, 4హెచ్, వెనక డిఫ్ లాక్ (రెండు వెనక చక్రాలనీ కలిపి బిగించేది) ఏవీ ముట్టుకోవద్దు. బురదలో ఇరుక్కుని వేరే దారి లేకపోతే నాలుగు మీటర్ల కోసం 4హెచ్ వేయొచ్చు, అక్కడ నేలే జారుతుంది కాబట్టి తేడా జారి పోతుంది, తారు రోడ్డు ఎక్కగానే తీసేయండి. 2హెచ్ లేని బండి అయితే నెమ్మదిగా, దగ్గరిదాకా మాత్రమే, మలుపుల్లో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా. ట్రెయిలర్ ఉంటే విప్పేయండి.

మీటరు మీద ఏబీఎస్, ట్రాక్షన్, టైర్ల గాలి లైట్లు వెలగొచ్చు. సెన్సార్లకి ఒక చక్రం వేగంగా కనిపిస్తోంది, స్టెప్నీలో గాలి సెన్సారు లేకపోవచ్చు, అంతే. కాకపోతే ఆ లైటు వెలిగిందంటే జారుడు రోడ్డులో ఆ సాయం మీకు లేకపోవచ్చనే అర్థం, బ్రేకు ముందుగా వేయండి.

ఆగి చూడాల్సిన గుర్తులు ఇవి: చిన్న మలుపులో బండి ఆగి ఆగి కుదుపుతున్నట్టు ఉండడం, కింద నుంచి ఊళ పెట్టినట్టు చప్పుడు, మాడిన నూనె వాసన, 4హెచ్ నుంచి 2హెచ్‌కి వేస్తే రాకపోవడం. చివరిది షాఫ్టుల మధ్య మెలిక బిగుసుకోవడం వల్ల. లివర్ని బలవంతంగా లాగకండి, బండిని తిన్నగా కొన్ని మీటర్లు రివర్స్ చేస్తే మెలిక వదులై దానంతట అదే వస్తుంది.

తేడా మరీ ఎక్కువైతే లారీ మీద ఎక్కించి తీసుకెళ్లేవాళ్లని పిలవండి. నాలుగు చక్రాలూ నేల మీంచి లేచేలా ఎక్కించాలని ముందే చెప్పండి, ఫుల్ టైమ్ బండిని ముందు చక్రాలు మాత్రం లేపి వెనకవి ఈడ్చుకుంటూ తీసుకెళ్తే స్టెప్నీ చేసే నష్టం కంటే పెద్ద నష్టం అక్కడే జరుగుతుంది.

షాపుకి చేరాక

ఒకటే కొత్త టైరు కొని పాతవాటి మధ్య వేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. మిగతావి 1 మిల్లీమీటరో కాస్త పైనో అరిగితే ఒకటి చాలు. సగం అరిగితే పార్ట్ టైమ్ బండికి ఒకే యాక్సిల్ మీద జతగా రెండు, ఫుల్ టైమ్‌కి నాలుగూ. జేబుకి కష్టమే, ఒప్పుకుంటా. కొన్నిచోట్ల కొత్త టైరు గాడిని పాతవాటి లోతుకి మెషీన్ మీద చెక్కి ఇస్తారు, దొరికితే అది చవకైన దారి.

పెద్ద సైజుకి మారాలనుకునేవాళ్లు మాత్రం మొదటి రోజే అయిదు టైర్లు కొనండి, నాలుగు కాదు. అయిదోది ట్రే కింద పట్టకపోతే ఆ సైజు మీ బండికి సైజు కాదు. పట్టిందా, 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి స్టెప్నీని కూడా కలిపి అయిదింటినీ మార్చుకుంటూ రండి, అప్పుడు అన్నీ కలిసే అరుగుతాయి. నా బండికి ఇప్పుడు అయిదూ ఒకటే. చుట్టుకొలతలు రాసిన చీటీ గ్లవ్ బాక్స్‌లో ఉంది, మొన్న చూస్తే అన్నిటికంటే పెద్దదానికీ చిన్నదానికీ తేడా 4 మిల్లీమీటర్లు.